ఫోను మ్రోగిన వేళ

(మన పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో నేను పరీక్షా ఫలితములను గూర్చియు, తెలుగు పాఠ్యపుస్తకములు ఆలస్యముగా చేరుటను గూర్చియు మాటలాడుట మీకు అలవాటే. ఆ నివేదికను కార్యదర్శిగారు ఇంతకుముందే చదివియున్నారు. కావున ఈ సాయంకాలము వేరొక విషయమును మీ యెదుట నుంచెదను. అది పైకి చాల చిన్నదిగా తోచును. దానిని గ్రహించుటకు నాకు పది యేండ్లు పట్టినది. ఆ పది యేండ్లును ఒక బాలుని యెడల నేను చేసినది అన్యాయమని తెలియకయే గడిపితిని.

మన యిండ్లలో ప్రతి పండుగనాడును జరుగు ఒక ఘట్టమును తలచుకొనుడు. ఫోను మ్రోగును. విశాఖపట్టణమునుండి మేనమామయో, అమెరికానుండి పెదనాన్న కుమారుడో మాటలాడును. తల్లి రెండు నిమిషములు కుశలప్రశ్నలు ముగించి, ప్రక్కనున్న పిల్లవాని చేతిలో ఫోను పెట్టి, "ఇదిగో, మామయ్యతో మాట్లాడు" అనును. పిల్లవాడు వెనుకకు జరుగును. ఫోను అతని చెవికి అదిమి పెట్టుదురు. వెనుకనుండి నాయనమ్మ "బాగున్నారా అని అడుగు, అడుగు" అని పొడుచుచుండును. పిల్లవాడు బిగుసుకొనిపోవును. చూచినవారిలో కొందరు సిగ్గందురు, కొందరు పొగరందురు. పెంపకము చాలదని పెదవి విరుచువారును కలరు. ఈ పిల్లలలో అనేకులకు నిజముగానే అది సిగ్గు, కాలక్రమమున పోవును. కాని కొందరికది సిగ్గు కాదు, పోవునదియు కాదు. వారిని గూర్చియే నేడు నేను మాటలాడదలచితిని.

నేను చెప్పిన బాలుడు ఈ పాఠశాలలోనే చదివినాడు. నేడు మన బరంపురములోనే ఒక టోకు వర్తకుని దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. పేరు చెప్పను. ఈ మాటలు మీతో చెప్పుటకు అతని అనుమతియు, అతని తల్లి అనుమతియు పొందియున్నాను. 2009లో అతడు తొమ్మిదవ తరగతి. నేను ప్రధానోపాధ్యాయుడనై అప్పటికి కొద్ది నెలలే, అధికారము క్రొత్త. రెండు దినములు బడికి రాలేదని అతనిని నా గదికి పిలిపించి, "మీ నాన్నగారికి ఫోను చేసి, ఎందుకు రాలేదో నా ఎదుటే చెప్పించు" అని రిసీవరు చేతికిచ్చితిని. అంకెలు నేనే నొక్కితిని. అవతల తండ్రి "హలో, హలో" అనుచున్నాడు. బాలుడు రిసీవరును చెవికానించి గోడగడియారమును చూచుచు నిలిచెను. పెదవులు కదలినవి, శబ్దము రాలేదు. ముంజేతులు వణకుచుండెను. నేనది మొండితనమనుకొంటిని. ఇద్దరు ఉపాధ్యాయుల యెదుట, "కన్నతండ్రితో మాట్లాడడానికే నోరు రాకపోతే రేపు లోకంలో ఎలా బ్రతుకుతావు?" అని చీవాట్లు పెట్టితిని. అటుపిమ్మట ఏడాదిపాటు అతడు నా గది ముందునుండి నడువలేదు. నూతి వెనుకగా చుట్టు తిరిగి తరగతికి పోవుచుండెను. అదియు నేను గమనించితిని, భయభక్తులనుకొని సంతోషించితిని.

2018లో, అతనికి ఇరువది మూడవ యేట, వైద్యులు పరీక్షించి ఆటిజము అని నిర్ణయించిరి. ఆ మాట మనలో చాలమందికి ఇప్పటికిని క్రొత్తదే. 1925లో మాస్కోలో సుఖరేవా అను వైద్యురాలును, 1943లో అమెరికాలోని బాల్టిమోరులో లియో కానర్ అను వైద్యుడును ఇట్టి పిల్లలను గూర్చి వ్రాసిరి. కానర్ వ్రాసినది పదునొకండుగురు పిల్లలను గూర్చి. ఇది అంటువ్యాధి కాదు, పెంపకములోని లోపము కాదు. పుట్టుకతో వచ్చిన మనస్సు యొక్క అమరిక. మన దేశములో దీనిని కొలుచుటకు సికిందరాబాదులోని జాతీయ సంస్థవారు 40 అంశములుగల ఒక కొలమానమును తయారుచేసి 2009లో వెలువరించిరి. నేను ఆ బాలుని గదికి పిలిచిన సంవత్సరమే! అట్టి కొలమానమొకటి కలదని అప్పుడు నాకేమి తెలియును? 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరే లేదు. 1999 నాటి జాతీయ న్యాసపు చట్టములో చేరినది. 2016 నాటి చట్టములో 21 వైకల్యములలో ఒకటిగా నిలిచినది.

ఇక 2019లో జరిగిన సంగతి. ఒక మధ్యాహ్నము అతని తల్లి స్నానాల గదిలో జారిపడి తుంటి విరుగగొట్టుకొన్నది. తండ్రి ఊరిలో లేడు. ఇంటిలో కొడుకొక్కడే. ఆమె "ఎవరికైనా ఫోన్ చెయ్యి బాబూ" అని మూలుగుచున్నది. ఫోను అతని చేతిలోనే కలదు. అంబులెన్సు నంబరు అతనికి తెలియును. ఏమి చెప్పవలయునో తెలియును. ఇంటి చిరునామా పోస్టు పిన్నుతో సహా నోటికి వచ్చును. వ్రేలు మాత్రము నొక్కలేదు. తుదకు అతడు విశాఖపట్టణములోని అక్కకు సందేశము వ్రాసెను. ఆమె ఏదో పనిలోనుండి ఆలస్యముగా చూచుకొని, ఇక్కడి పొరుగింటివారికి ఫోను చేసెను. ఇరువది నిమిషములు గడచినవి. తల్లి కోలుకొన్నది, ఇప్పుడు కఱ్ఱ లేకయే నడచుచున్నది. కాని బంధువులు ఆ బిడ్డను "రాతిగుండెవాడు" అనిరి. ఆ మాట అతని చెవిని పడినది.

నేను పరామర్శకు పోయినపుడు అతడు లోపలి గదిలోనుండి రాలేదు. "ఏమి జరిగినదో నాకు చెప్పగలవా?" అని తలుపు దగ్గర నిలిచి అడిగితిని. బదులు లేదు. నాలుగు దినముల తరువాత తపాలాలో ఉత్తరము వచ్చెను. నాలుగు పుటలు, ముత్యములవంటి అక్షరములు. నా బడిలో చదివిన పిల్లవాడు అంత చక్కని తెలుగు వ్రాయగలడని నాకు తెలియదు. ఇప్పుడు నేను చెప్పబోవునది చాలవరకు ఆ ఉత్తరము నేర్పిన పాఠమే.

మనిషి ఎదుట నిలిచి మాటలాడునపుడు మనకెన్నో ఆధారములుండును. వచ్చినది ఎవరో కనబడును. ఏ పనిమీద వచ్చిరో చేతిలోని సంచి చూచినను తెలియును. మాట ఎప్పుడు ముగియునో వారు చెప్పులవైపు చూచుటతో తెలియును. ఆటిజము గలవారు మనవలె ముఖకవళికలను సహజముగా చదువలేకపోయినను, ఈ పరిసరములను ఆనవాలు పెట్టుకొని నెట్టుకొనివత్తురు. ఫోను ఆ ఆధారముల నన్నిటిని ఒక్కసారిగా తీసివేయును. ముందు చెప్పక మ్రోగును. గొంతునైనను పూర్తిగా అందించునా? పూర్వపు టెలిఫోను మార్గములు సెకనుకు సుమారు 300 మొదలు 3400 కంపనముల వరకుగల ధ్వనులనే మోసెడివి. "స"కారము, "ఫ"కారము వంటివాటి పదును అంతకు పైననుండును గనుక అది రాలిపోయెడిది. నేటి ఫోనులు కొంత మేలు. అయినను వీధిలోని మోటారు, వంటింటి మిక్సీ, అవతలివారి టీవీ అన్నియు కలిసి ఒక్క చెవిలో పడును. మనము అనవసరపు చప్పుళ్లను తెలియకయే వడగట్టుకొందుము. ఆ వడపోత అందరికి ఒక్కతీరున ఉండదు.

దీనికి తోడు త్వర. పది భాషల సంభాషణలను పరిశీలించి 2009లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, ఒకరు ప్రశ్న ముగించిన తరువాత రెండవవారు బదులు మొదలుపెట్టుటకు పట్టు కాలము సగటున సెకనులో అయిదవ వంతు మాత్రమే. (ఆ పదింటిలో తెలుగు లేదు, మన సంగతి చూచినచో ప్రశ్న ముగియకమునుపే బదులు చెప్పుదుమని నా అనుమానము.) ఆలోచించి మాటలాడు పిల్లవానికి ఆ వ్యవధి చాలదు. ఎదురుగా నున్నచో "ఆలోచించుచున్నాడు" అని చూచి ఓర్చుకొందుము. ఫోనులో మౌనము కనబడదు గనుక "హలో, వినబడుతోందా?" అని మరియొక ప్రశ్న వేయుదుము. మొదటి ప్రశ్నకే బదులు కూర్చుకొనుచున్నవానికి ఇప్పుడు రెండు ప్రశ్నలైనవి.

అతని ఉత్తరములో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది మన ఫోను తెలుగును గూర్చి వ్రాసిన పుట. "మేష్టారూ, 'ఎవరు?' అని అడిగితే 'నేనే' అంటారు. లోకంలో ప్రతివాడూ నేనే గదా! 'ఏమిటి విశేషాలు?' అంటారు. ఏ విషయంలో విశేషాలు, ఎన్నాళ్లవి, ఎన్ని చెప్పాలి? చివరికి 'ఉంటాను మరి' అంటారు. ఉంటాననుకుని నేను ఎదురుచూస్తూ ఉంటే పెట్టేస్తారు." చదివి నవ్వితిని, పిదప నవ్వు ఆగిపోయినది. మన మాటలలో ఎన్ని మాటలకు అర్థము లేదో, అర్థము లేదని మనకెట్లు తెలిసినదో నాకును తెలియదు. ముప్పది యేండ్లు తెలుగు బోధించితిని, "ఉంటాను" అనగా "వెళ్లెదను" అని ఏ తరగతిలోను చెప్పలేదు.

మనవంటి వారికి ఇంకొక చిక్కు కలదు. ఆంధ్రదేశములో ఫోను తీసినవాడు తెలుగు వినబడునని నమ్మవచ్చును. ఇక్కడ మన పిల్లవాడు ఫోను తీయు క్షణమున "చెప్పండి" అని వినబడునో, "కుహంతు" అని వినబడునో, "బోలియే" అని వినబడునో, బ్యాంకువారి యంత్రము ఇంగ్లీషులో అంకెలు నొక్కుమనునో తెలియదు. అంగడిలోనైనచో మనిషిని చూచి భాషను సిద్ధము చేసికొందుము. ఫోనులో చెవిని పడిన తరువాతనే భాష మార్చుకొనవలెను, అదియు సెకనులో అయిదవ వంతులో. ఇది చూచి కొందరు ఆప్తులు, "పిల్లవాడికి రెండు భాషలు బరువు, తెలుగు మాన్పించండి" అని సలహా యిచ్చుచున్నారు. ఇంతవరకు జరిగిన పరిశోధనలు రెండు భాషలు ఆటిజము గల పిల్లలకు కీడు చేయునని చూపలేదు. తల్లితో మాటలాడు భాషను తీసివేసినచో ఆ బిడ్డకు మిగులునదేమి? ఈ విషయములో నేను పక్షపాతినని మీరనవచ్చును, అనుడు.

అయితే ఆటిజము గల ప్రతివారికి ఫోను భయముండునా? ఉండదు. ముఖము చూడనక్కరలేదు గనుక ఫోనే సుఖమనువారును కలరు. కాని 2021లో ఇంగ్లండులోని ఇద్దరు పరిశోధకులు ఆటిజము గల 245 మంది పెద్దలను విచారింపగా, కార్యాలయములతోను, క్రొత్తవారితోను పనిపడినపుడు వారు ఎక్కువగా కోరినది వ్రాతనే. ఫోనుకు మొగ్గు చూపినవారు అరుదు. ఆత్మీయులతోనైనచో ఎదుట కూర్చుండి మాటలాడుటయు వారికి ఇష్టమే. కనుక వారికి మనుష్యులు గిట్టరనుకొనుట పొరపాటు.

ఇప్పుడు అతడు ఫోనుతో ఎట్లు నెగ్గుకొని వచ్చుచున్నాడో చెప్పెదను. మొదట కాగితము. ఫోను చేయుటకు ముందు మొదటి వాక్యము పూర్తిగా వ్రాసికొనును: "నమస్కారమండి. నేను ఫలానా దుకాణం నుంచి. నిన్నటి సరుకు లెక్క గురించి చేశాను." దాని క్రింద కొమ్మలు గీయును. వారు లేరన్నచో ఏమనవలెను, తరువాత చేయుమన్నచో ఏమనవలెను, ఒడియాలో అడిగినచో ఏమనవలెను. చివరి వాక్యము కూడ వ్రాసికొనును. మొదలుపెట్టుట కంటె ముగించుటయే కష్టమట: "ఇంతేనండి, ఫోను పెట్టేస్తున్నాను." ఈ వాక్యము మొరటుగా ఉన్నదని తల్లి మొదట బాధపడినదట. ఇప్పుడు ఆ దుకాణపు ఖాతాదారులకు అది అలవాటైనది. ఒకరిద్దరు మెచ్చుకొనిరి కూడ, ఏలయన కాలము వృథా కాదు.

మ్రోత చప్పుడును తీసివేసి వణకు మాత్రము ఉంచినాడు. తెలియని నంబరు వచ్చినచో తీయడు, "ఎవరండి, ఏ పని మీద?" అని సందేశము పంపును. అక్క తనంతట ఫోను చేయదు. "సాయంకాలం 6 గంటలకు చేస్తాను, నాన్న మందుల సంగతి, అయిదు నిమిషాలు" అని ఉదయమే వ్రాయును. ఆరు గంటలకు అతడు సిద్ధముగా నుండును. ఏడు నిమిషములైనచో తానే "అయిదు అన్నావు" అని గుర్తుచేయును! మాటలాడునంతసేపు మంచము దగ్గరనుండి గుమ్మము వరకు నడచుచుండును. చేతిలో పెన్సిలుండును. "ఒక చోట నిలబడి మాట్లాడరాదా?" అని తండ్రి అనెడివాడు, నడక ఆపినచో మాట ఆగునని ఇప్పుడాయనకు తెలిసినది. కఠినమైన ఫోను ఒకటి ముగిసిన తరువాత అరగంట ఎవరును పలుకరింపరు. పైనుండి చూచువారికిది గారాబము. కాని మనమును ఎండలో నడచి వచ్చినవానిని కూర్చుండనిచ్చి మంచినీళ్లిత్తుము గదా.

అభ్యాసము చేయించవచ్చునా అని మీరడుగుదురు. చేయించవచ్చును, పిల్లవాడు ఒప్పుకొన్నచో. ప్రక్కగదిలోని తల్లికి ఫోను చేసి "నీళ్లు కావాలి" అని చెప్పి పెట్టివేయుట, పిదప తెలిసిన అంగడికి ఒక్క ప్రశ్న, అంతే. కొందరికిది ఉపకరించును. ఒప్పుకొననివానిని బలవంతపెట్టినచో ఏమగునో నా గదిలో నేను చేసియే చూచితిని. నలుగురును చుట్టు నిలిచియుండగా లౌడ్ స్పీకరు పెట్టి మాటలాడింపకుడు. ఈ ఒక్కటి మానినను ఎంతో మేలు.

అన్నిటికంటె ముఖ్యము ఆపద సమయము. ఆ ఇరువది నిమిషములు మరల రాకుండుటకు ఆ యింటివారు చేసికొన్న ఏర్పాటు చాల సులభమైనది. వారి వీధిలో ఇండ్లకు ఉమ్మడి గోడలు. గోడను మూడుమార్లు గట్టిగా తట్టినచో పొరుగింటివారు వెంటనే రావలెనని మాట. నోటితో పని లేదు. ఫోనులో ఒక సందేశము ముందే వ్రాసి యుంచినారు: ఇంటి చిరునామా, "అమ్మకు ప్రమాదం, వెంటనే రండి" అను మాట. ఒక్క నొక్కుతో అది అయిదుగురికి పోవును. ఆ అయిదుగురిలో నేనొకడను. ఇంతవరకు అది రాలేదు, గోడ మాత్రము ఒకసారి తట్టినాడు. గ్యాసు వాసన వచ్చినదట. పొరుగువారు అర నిమిషములో వచ్చిరి. ఆనాడు అతనిని రాతిగుండెవాడన్న బంధువు ఎవరో అక్కడనే యున్నారని విని నాకు కొంత తృప్తి కలిగినది. ఉపాధ్యాయుడు ఇట్లు తృప్తి చెందరాదు, అయినను చెందితిని.

మనకు సాయము చేయుటకు ఏర్పడిన ద్వారములు ఎక్కువగా ఫోను నంబర్లే యగుట ఒక విచిత్రము. మనోవ్యథలో నున్నవారికై కేంద్రప్రభుత్వము 2022లో టెలీ మానస్ అను సేవ నెలకొల్పినది, 14416. మంచి సేవయే. కాని ఫోననిన గొంతు పట్టుకొనిపోవువానికి ఆ నంబరు తాళము వేసిన తలుపే. అట్టివాని పక్షమున ఇంటివారు ముందుగా మాటలాడవలెను. నా చిన్నతనమున మనకు పోస్టుకార్డుండెను, ఇన్లాండు కవరుండెను, ఆపదకు తంతి యుండెను. ఫోను మాటకు ట్రంకుకాలు వేసి పోస్టాఫీసులో కూర్చుండెడివారము. మాటకంటె వ్రాతయే అప్పుడు మర్యాద. తంతి సేవ 2013 జూలైలో ముగిసినది, ఉత్తరములు తగ్గిపోయినవి. ఆ రోజులలో మన చుట్టునుండి, ఉత్తరములు చక్కగా వ్రాయుచు, నలుగురిలో నోరు మెదపని పెద్దమనుష్యులు కొందరికి ఈ పేరు తగియుండునేమో యని ఇప్పుడు తలంచుచుందును. 2016 నాటి చట్టము సంభాషణము అనగా ఏమో నిర్వచించుచు వ్రాతను కూడ అందులో చేర్చినది. కార్యాలయములును, బ్యాంకులును ఆ మాటను ఇంకను చదివినట్లు లేదు. మన పాఠశాలయు మొన్నటి వరకు చదువలేదు.

కావున కార్యవర్గపు సమ్మతితో కొన్ని మార్పులు చేసితిమి. గైరుహాజరుకు కారణము విద్యార్థి తానే చీటీమీద వ్రాసి యిచ్చినను చెల్లును. ఆఫీసు ఫోనులో ఎవరిచేతను మాటలాడింపము. తల్లిదండ్రులకు కబురు చేయవలసినపుడు మొదట సందేశము పంపి, సమయము అడిగి, పిదపనే ఫోను చేయుదుము. మీలోను ఫోననిన బెదరువారు కొందరుందురు, వారు చెప్పనక్కరలేదు. ప్రతి పిల్లవాని పత్రములో "ఆపద వచ్చినపుడు ఎట్లు తెలుపును?" అను గడి క్రొత్తగా చేర్చినాము. దానిని దయచేసి ఖాళీగా విడువకుడు. గోడ తట్టుటయో, ఈల వేయుటయో, ఏదైన సరే పిల్లవానిని అడిగియే వ్రాయుడు.

ఆ పూర్వవిద్యార్థి వచ్చే నెల రెండవ శనివారము 4 గంటలకు మన గ్రంథాలయములో ఒక గంటసేపు కూర్చుండుటకు ఒప్పుకొన్నాడు. ఉపన్యసింపడు. తన కాగితపు కొమ్మలు బల్లపై పరచి చూపును. ప్రశ్నలు వ్రాసి యిచ్చినవారికి వ్రాసి బదులిచ్చును. నా గది ముందునుండియే వత్తునని సందేశములో తెలిపినాడు. పిల్లలను తీసికొని రాదలచినవారు ఈ విషయమై నాకు ఫోను చేయనక్కరలేదు. చీటీ పంపినను చాలును.